అంకెలన్నీ కలిపి చదువు

పాల్వంచ



జవహర్‌నగర్‌లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటులో ట్రెయినీగా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇక్కడి కేటీపీఎస్ థర్మల్ కేంద్రం చిమ్నీలు చూస్తూ పెరిగినదానివి, బాయిలర్ అంటే భయం ఉండదు. కానీ చెత్త బొగ్గులా కాదు, లోడు లోడుకీ గుణం మారుతుంది.

బూడిద కంటికి కనిపిస్తుంది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌కు మాత్రం రంగే లేదు. బయటికొచ్చాక నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఎండలో ఓజోన్‌కు, వానలో నత్రికామ్లానికి దారితీస్తుంది. ఓజోన్ తయారయ్యేసరికి గాలి ఊరు దాటిపోతుంది కాబట్టి దూరాన ఉన్న పంటకూ అడవికీ దెబ్బే. కిన్నెరసాని అడవి అంచున పెరిగిన నువ్వు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

గాలిలోని నత్రజని పెద్దఎత్తున ఆక్సైడ్‌గా మారాలంటే వేడి దాదాపు 1,300 డిగ్రీలు దాటాలి. చెత్త కొలిమిలో సాధారణంగా అంత వేడి ఉండదు. అక్కడి ఆక్సైడ్లలో ఎక్కువ భాగం చెత్తలోని నత్రజని నుంచి పుట్టినదే. తిండి మిగులు, ఆకులు, తోలు, ఉన్ని, నైలాన్‌లలో అది ఉంటుంది. అందుకే తడి చెత్త వేరుచేయడంతోనే నీ పని మొదలవుతుంది. కొలిమి కింద గాలి కాస్త తగ్గించి మిగతాది పైన అందిస్తే, ఆ నత్రజనిలో చాలావరకు హానిలేని వాయువుగానే పోతుంది. అలాగని వేడి తగ్గించకు. 950 డిగ్రీల్లో పొగ కనీసం 2 సెకన్లు ఉండాలని మన దేశపు 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. లేకపోతే డయాక్సిన్లు మిగులుతాయి.

తర్వాత పొగలోకి అమ్మోనియా గానీ యూరియా ద్రావణం గానీ చల్లుతారు. అది ఆక్సైడ్లను నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తుంది. సుమారు 850 నుంచి 1,050 డిగ్రీల మధ్యే ఇది బాగా సాగుతుంది. నూనె కాగకముందు ఆవాలు వేస్తే చిట్లవు, మరీ కాగాక వేస్తే మాడతాయి, ఇదీ అంతే. వేడి చాలకపోతే అమ్మోనియా అలాగే బయటికి పోతుంది. మించితే అమ్మోనియాయే మండి కొత్త ఆక్సైడ్ అవుతుంది. ఆక్సైడ్ల అంకె పెరిగిందని యూరియా గుమ్మరించే ముందు ఉష్ణోగ్రత చూడు. ఉత్ప్రేరకం వాడితే 200 నుంచి 400 డిగ్రీల్లోనే పని అవుతుంది, ఆక్సైడ్లు ఇంకా బాగా తగ్గుతాయి, ఖర్చు మాత్రం ఎక్కువ.

2016లో నైట్రోజన్ ఆక్సైడ్లకు మన హద్దు ఘనపు మీటరు పొగకు 400 మిల్లీగ్రాములు. యూరప్ 2000 నాటి ఆదేశంలోనే పెద్ద ప్లాంట్లకు 200 పెట్టింది. హద్దు లోపల ఉన్నామని అక్కడే ఆగిపోకు.

ఒక్క నైట్రోజన్ ఆక్సైడ్ల అంకెనే ఎప్పుడూ చూడకు. అదనపు గాలితో పొగ పలచబడినా ఆ అంకె తగ్గుతుంది, అందుకే పొగలోని ఆక్సిజన్ లెక్కకు సరిదిద్ది చదవాలి. పక్కనే అమ్మోనియా, కార్బన్ మోనాక్సైడ్ కూడా చూడు. ఒకటి తగ్గి మరొకటి పెరిగితే మనం కాలుష్యం పేరు మార్చామే తప్ప తగ్గించలేదు. అలాంటప్పుడు మీ ఇంజినీరును పిలువు, లాగ్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయి.

మీ బాబాయి