రిసీవర్ గీసే ముందు

పానగల్

చిరంజీవి బిడ్డకు,

నువ్వు పంపిన రేడియో టెలిస్కోప్ రిసీవర్ డిజైన్ రెండుసార్లు చదివాను. 50 నుంచి 1500 మెగాహెర్ట్జ్ దాకా ఒకే ఫీడు, ఒకే యాంప్లిఫయర్‌తో పట్టాలన్న నీ పట్టుదల నచ్చింది. పద్ధతి మాత్రం నచ్చలేదు.

బ్యాండ్ వెడల్పు కోరడం తప్పు కాదు. పుణె దగ్గర ఖోదాద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ మొదట్లో ఒక్కసారికి 32 మెగాహెర్ట్జ్ మాత్రమే చూసేది. ఇప్పుడు 400 దాకా చూస్తోంది. సున్నితత్వం బ్యాండ్‌విడ్త్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అదే సమయంలో మూడున్నర రెట్లు మసక వస్తువు అందుతుంది. అయినా వాళ్లు 120 నుంచి 1450 దాకా ఒకే ఫీడుతో లాగలేదు, నాలుగు బ్యాండ్లుగా విడగొట్టుకున్నారు.

అలా విడగొడితే ఫిల్టర్ విషయంలో ఒక మేలుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం నుంచే వందల కెల్విన్ల నాయిస్ వస్తుంది. అక్కడ యాంప్లిఫయర్ ముందే ఫిల్టర్ పెట్టి ఎఫ్ఎం స్టేషన్లను ఆపేసినా పెద్ద నష్టం ఉండదు. 1400 దగ్గర ఆకాశం ఐదారు కెల్విన్లే. అక్కడ ముందున్న ఫిల్టర్‌లో 0.1 డెసిబెల్ పోయినా దాదాపు 7 కెల్విన్లు వచ్చి కలుస్తాయి, అంటే ఆకాశాన్ని మించిన నాయిస్ మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. పోనీ ఫిల్టర్ వెనక్కి జరుపుదామంటే, సెల్‌టవర్ సిగ్నల్ యాంప్లిఫయర్‌నే నింపేస్తుంది. అప్పుడు రెండు బలమైన సిగ్నళ్లు కలిసి, ఆకాశంలో లేనే లేని మూడోదాన్ని పుట్టిస్తాయి. అది నీ బ్యాండ్‌లో పడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా విడదీయలేదు.

కాబట్టి ఫిల్టర్ ఎక్కడ పెట్టాలో పుస్తకం చూసి తేల్చలేవు, నువ్వు యాంటెన్నా నిలబెట్టే చోటే చెప్పాలి. మన ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో నీడ కదలకుండా ఉంటుందంటే, వెలుతురు ఎటు నుంచి వస్తుందో తెలిసినవాళ్లు స్తంభాలు నిలిపారని నా నమ్మకం. నీ డిజైన్‌లో సిగ్నళ్లు ఎటు నుంచి వస్తాయో తెలుసుకునే పని ఇంకా మొదలుకాలేదు.

మీ కాలేజీ స్పెక్ట్రమ్ అనలైజర్ అడిగి తీసుకుని మేడ మీద రాత్రీ పగలూ నడిపించు. వీలైతే ఇబ్రహీంపట్నం దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకీ తీసుకెళ్లు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించింది అక్కడే. అప్పటికి మన దేశంలో సెల్‌టవర్లు లేవు. ఇప్పుడక్కడ గాలిలో ఏముందో నీ కొలతల్లోనే తెలుస్తుంది. ఆ రెండు చోట్ల గ్రాఫులూ నాకు పంపు. సర్క్యూట్ మళ్లీ గీయడం ఆ తర్వాతే మొదలుపెట్టు.

మీ పెద్దనాయన