పెంపుడు పక్షులును పెరటి కోళ్లును: అవి యింటికి వచ్చిన దారిని విచారించుటను గూర్చి

1. ప్రస్తావన. ఒక పేటలో గాని గ్రామములో గాని కోళ్లు చచ్చుచున్నవని వార్త వచ్చినప్పుడు ఉద్యోగులు సాధారణముగా మొదట అడుగునది "ఎన్ని చచ్చినవి?" అని. ఈ ప్రశ్న అవసరమే. కాని దీనికంటె ముందు అడుగవలసినది మఱియొకటి కలదు: "ఈ పక్షి మీ యింటికి ఎక్కడనుండి, ఎవరివలన, ఏ దినమున వచ్చినది?" చచ్చిన కోళ్ల లెక్క జరిగిపోయిన నష్టమును మాత్రమే తెలుపును. వచ్చిన దారి తెలిసినయెడల రోగము ఏ యూరినుండి వచ్చెనో, ఇంక ఏ యే యిండ్లకు పోయియుండునో ఊహింప వీలగును. కావున పురపాలక, తాలూకా, మండల ఉద్యోగుల ఉపయోగార్థము పక్షులు గృహములను చేరు మార్గములును, ఒక్కొక్క మార్గమునందలి అపాయమును, విచారణ జరుపవలసిన పద్ధతియు క్రింద వివరింపబడినవి.

2. ఈ ప్రశ్నవలన కలిగిన మేలునకు ఒక దృష్టాంతము. 1929వ సంవత్సరాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మేరీలాండునందు ఒక కుటుంబమువారు పండుగ కానుకగా ఒక చిలుకను కొనిరి. చిలుక కొలది దినములలోనే చచ్చెను. ఇంటివారికి తీవ్రజ్వరమును, తలనొప్పియు, ఊపిరితిత్తుల వాపును కలిగెను. చిలుక ఎక్కడ కొనబడెనని విచారింపగా, దానిని అమ్మిన అంగడిలోని పనివారు సయితము అట్లే జబ్బుపడినట్లు తెలిసెను. ఇట్లే యితర పట్టణములందును విచారింపగా, దక్షిణ అమెరికానుండి ఓడలలో వచ్చిన చిలుకలు ఈ జాడ్యమును తెచ్చినవని తేలెను. 1930 జనవరిలో అధ్యక్షుడు హూవరు చిలుకల దిగుమతిని నిషేధించెను. సిట్టకోసిస్ అను ఈ రోగము నేడు డాక్సీసైక్లిన్ వంటి మందులకు లొంగును. కాని రోగి యింట చిలుక యున్నదని వైద్యునికి తెలియనిచో ఆ మందు తలపునకే రాకపోవచ్చును.

3. పెరటి కోళ్లు వచ్చు మార్గములు. ఇవి ముఖ్యముగా ఆఱు.

(అ) ఇంటి పొదుగుడు. పెట్ట ఇరువదియొక్క దినములు పొదిగి పిల్లలను చేయును. గ్రుడ్లు ఇంటివియే యైనచో ఇది అన్నిటికంటె తక్కువ అపాయము గల మార్గము. ఆడపడుచు పుట్టింటినుండి మరలి వచ్చునప్పుడు తల్లి యిచ్చు పెట్టయు సాధారణముగా అంత భయపడదగినది కాదు. అయినను ఆ యూర తెగులున్నదేమో అడుగక తప్పదు.

(ఆ) పాలునకు తెచ్చుట. కోళ్లు గలవారు పేదరాలికి ఒక పెట్టను అప్పగింతురు. ఆమె దానిని మేపి, పొదిగించి, పిల్లలలో సగము తాను ఉంచుకొని సగము యజమానికి ఇచ్చును. ఇట్టి కోడికి యజమానులిద్దరు, ఇండ్లు రెండు. ఒక యింట తెగులు పుట్టినప్పుడు రెండవ యింటిని చూడనిచో విచారణ సగమే జరిగినట్లు.

(ఇ) సంత. వేర్వేరు గ్రామముల కోళ్లు కాళ్లు కట్టబడి ఒకే గంపలో గంటలకొలది పడియుండును. క్రొత్తగా కొన్న కోడి అపాయకరమని అందఱును ఎఱుగుదురు. అమ్ముడుపోక మరలి యింటికి వచ్చిన కోడియు అంతే అపాయకరమని తలచువారు అరుదు. "క్రొత్త కోడి ఏదైన వచ్చెనా?" అని అడిగిన "లేద"ందురు, అది తమ కోడియే గదా! కావున "సంతకు పోయి మరలివచ్చిన కోడి కలదా?" అని వేఱుగ అడుగవలెను.

(ఈ) తిరుగు వర్తకులు. సైకిళ్లపై బుట్టలు కట్టుకొని పచ్చ, గులాబి రంగులు పూసిన పిల్లలను అమ్మువారు వీధులలో తఱచుగా కనబడుదురు. ఇవి ప్రాయికముగా గ్రుడ్ల జాతి హేచరీలలో అక్కఱలేని మగపిల్లలు. చవుక గనుక బాలురు కొందురు, ముద్దాడుదురు, చేతులు కడుగకయే అన్నము తిందురు. కోడిపిల్లల రెట్టలోని సాల్మొనెల్లా సూక్ష్మజీవులవలన అయిదేండ్లలోపు పసివారికి తీవ్రమైన విరేచనములు కలుగవచ్చును.

(ఉ) ప్రభుత్వ పంపిణీ. హైదరాబాదు రాజేంద్రనగరునందలి కుక్కుట పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలు పెరటి పెంపకమునకై ఇయ్యబడుచున్నవి. కొన్ని వారములు నర్సరీలో పెంచి, టీకాలు వేసి యిచ్చినయెడల ఇవి మంచి మార్గమే. ఐతే నాటు పెట్టవలె ఇవి చక్కగా పొదుగవు. కావున యజమాని మఱల మఱల బయటనుండి పిల్లలను తెచ్చుకొనవలసి యుండును. తెచ్చిన ప్రతిమారును ఒక క్రొత్త ద్వారము తెఱచినట్లే.

(ఊ) పందెపు పుంజులు. సంక్రాంతినాటికి గోదావరి, కృష్ణా ప్రాంతములకు అసీలు పుంజులు దూరమునుండి తేబడును. పందెములు చట్టవిరుద్ధములు. ఐనను జరుగుచున్నవి గనుక ఆరోగ్యాధికారి కన్ను మూసికొనరాదు. పుంజుల నెత్తురు ఒకదానికొకటి సోకును. గెలిచినవాడు ఓడిన పుంజును కోజగా ఇంటికి కొనిపోయి వండించును. బ్రతికిన పుంజు తిరిగి తన యూరి కోళ్లలో కలియును.

4. పంజరపు పక్షులు. మన చిలుకను చెట్టు తొఱ్ఱలనుండి పిల్లగా ఉన్నప్పుడే తీసి అమ్ముదురు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దీనిని పట్టుటయు, అమ్ముటయు, ఇంట ఉంచుకొనుటయు నేరములు. 2022వ సంవత్సరపు సవరణ పిదప ఇది ఆ చట్టపు రెండవ షెడ్యూలులో ఉన్నది. లవ్‌బర్డ్స్, కాకటీల్ మొదలగు విదేశపు పక్షులు పంజరములందే పుట్టి అంగళ్లకు వచ్చును. హైదరాబాదులోని ముర్గీచౌకు, కలకత్తాలోని గాలిఫ్ వీధి, బొంబాయిలోని క్రాఫర్డ్ మార్కెటు ఇట్టి అమ్మకమునకు పేరొందిన స్థలములు. నానా స్థలముల పక్షులు ఒకే గదిలో చేరుటవలన అంగడియే సంతవంటి దగును. ఎండిన రెట్ట ధూళియై గాలిలో లేచి శ్వాసతో లోపలికి పోవును. కావున పంజరమును పొడిగా ఊడ్వక, నీరు చల్లి తడిపిన పిదపనే శుభ్రపఱుపవలెనని యజమానులకు బోధింపవలెను.

5. రెండు తెగుళ్లు, ఒకే రూపము. పెరటి కోళ్లను తుడిచివేయు కొక్కెర తెగులునకు రాణిఖేత్ అను పేరు కుమావూ కొండలలోని ఊరివలన వచ్చినది. 1926లో జావాయందును, ఇంగ్లండులోని న్యూకాసిలునందును కనబడిన ఈ తెగులు 1928 ప్రాంతమున మన దేశమున వర్ణింపబడెను. కోడి నోరు తెఱచి ఎగరోజుట, పచ్చని పారుడు, కాళ్లు చచ్చుపడుట, మెడ మెలిపడుట దీని లక్షణములు. ఇది మనుష్యులకు ప్రాణాంతకము కాదు. పక్షి ఇన్‌ఫ్లుయెంజా అట్లుగాదు. ఇది మన దేశమున మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రములోని నవాపూరునందు బయటపడెను. 2008 జనవరిలో పశ్చిమ బెంగాలున బీర్భూము, దక్షిణ దినాజ్‌పూరు జిల్లాల పెరటి కోళ్లలో వ్యాపించెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కనబడెను. ఆ సంవత్సరము మార్చిలోనే ఆంధ్రప్రదేశమునందు ఒక పసిబిడ్డ ఈ వ్యాధిచేత మరణించెను. ఈ రెండు తెగుళ్లను కంటితో చూచి వేఱుపఱుచుట నిపుణులకును సాధ్యము కాదు. భోపాలునందలి జాతీయ ప్రయోగశాలయే నిర్ధారింపవలెను. కావున "కొక్కెరయే, ఏటేట వచ్చునదే" అని గ్రామస్థులు చెప్పిన మాటను నమ్మి ఊరకుండుట గొప్ప తప్పు.

6. టీకా. కొక్కెరకు మంచి టీకాలు కలవు. మొదటి వారమున కంటిలో గాని ముక్కులో గాని చుక్క వేయుదురు. ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున ఱెక్క క్రింద సూది వేయుదురు. చిక్కు ఏమనగా, ఒక సీసాలో నూఱు కోళ్లకు సరిపడు మందుండును. కలిపిన పిదప అది గంటలలో చెడును. అయిదు కోళ్లు గల స్త్రీ ఒంటిగా దానిని కొనలేదు. కావున వేసవికి ముందే ఒక దినము నిర్ణయించి, తెల్లవాఱుజామున గంపలు తెఱవక మునుపే వీధి వీధికి పోయి ఊరంతటికి టీకా వేయించుట స్థానిక ఉద్యోగులు ఏర్పఱుపదగిన పని.

7. యజమానులు ఏల దాచుదురు? పేదరాలికి పెట్ట ఒక చిన్న నిధి వంటిది. బిడ్డకు జ్వరము వచ్చినను, బడికి పుస్తకము కావలసినను దానినే అమ్మును. కోడి తూగుట చూచిన మఱుక్షణము ఆమె దానిని అమ్మజూచును, లేదా కోసి వండును. ఉద్యోగి వచ్చిన కోళ్లన్నియు చంపింపబడునను భయము ఆమెకు కలదు. ఆమెను కసరినయెడల ఆ వీధిలో మఱి యెవరును నిజము చెప్పరు. చెప్పవలసిన మాట ఇది: ప్రభుత్వ ఉత్తరువుచేత చంపబడిన కోడికి పరిహారము కలదు, తెగులుచేత చచ్చిన కోడికి లేదు. ముందుగా తెలిపినవారికే మేలు. చిలుక యజమానుని భయము వేఱు. శిక్షకు జడిసి అతడు రోగియై కూడ ఇంట చిలుక యున్నదని వైద్యునితో చెప్పడు. అందుచేత ఆరోగ్య విచారణను నేర విచారణతో కలుపరాదు. చిలుకను అప్పగింపదలచినవానిని అటవీ శాఖకు పంపవలెను. పంజరమున పెరిగిన పక్షిని ఒక్కసారిగా ఎగురవిడుచుట దయ కాదు, అది ఆకలికో పిల్లికో బలియగును.

8. విచారణలో వ్రాసికొనవలసిన అంశములు:
(1) పక్షి ఏ దినమున, ఎవరివద్దనుండి వచ్చినది. పాలునకు వచ్చినదైన రెండవ యింటివారెవరు.
(2) గడచిన మూడు వారములలో సంతకు, పందెమునకు, చుట్టములయింటికి పోయివచ్చిన పక్షి కలదా.
(3) టీకా వేయబడెనా, ఎప్పుడు.
(4) జబ్బుపడిన కోళ్లను ఎవరికైన అమ్మిరా, ఇచ్చిరా, వండిరా.
(5) ఇంట ఎవరికైన జ్వరము, దగ్గు కలదా; ఉన్నచో వారిని వెంటనే వైద్యుని చూడ బంపి, పక్షి సంగతి చీటిపై వ్రాసి యిచ్చిరా.

9. చేయవలసిన పనులు. క్రొత్తగా వచ్చిన కోడిని, మరలివచ్చిన కోడిని మూడు వారములు వేఱుగా గంప క్రింద ఉంచి, చివర మేపవలెను. చచ్చిన కోడిని చెఱువులోను పెంటకుప్పపైనను పాఱవేయక, చేతులకు తొడుగు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, కుక్కలు త్రవ్వలేనంత లోతున సున్నము చల్లి పూడ్పింపవలెను. పసిబిడ్డలకు పచ్చిమాంసపు ముక్క ఏదియు ఇయ్యరాదు. ఆరోగ్యముగల కోడి మాంసము బాగుగా ఉడికినచో భయము లేదు. 2009వ సంవత్సరపు పశు అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, అనుమానము కలిగిన యజమానియు పంచాయతీయు గ్రామాధికారికి తెలుపవలెను, అతడు సమీప పశువైద్యునికి వ్రాతమూలముగా తెలుపవలెను. ఆ వ్రాతలో చచ్చిన కోళ్ల సంఖ్యతోపాటు అవి వచ్చిన దారియు ఉండినచో, తెగులు పొరుగు గ్రామమును చేరకమునుపే పశువైద్యుడు అచ్చటికి చేరగలడు.