షెల్ మార్చడం వచ్చా? ఇంటర్వ్యూ అక్కడితో ఆగదు

ఒక యూజర్ డిఫాల్ట్ లాగిన్ షెల్ ఎలా మారుస్తారు? లినక్స్ అడ్మిన్ ఉద్యోగాలకు వెళ్లే ఫ్రెషర్లకు ఇది తేలిక ప్రశ్న. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లయినా, ఇంట్లో వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లయినా 'యూజర్‌మాడ్ హైఫన్ ఎస్' అని ఠక్కున చెప్పేస్తారు. తప్పేం కాదు, కాకపోతే అందరూ చెప్పేదే. ఆ కమాండ్ ఎక్కడ ఏం మార్చిందని అడిగితేనే చాలామంది తడబడతారు.

ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైల్ తెరవండి. యూజర్‌కో లైను, లైనుకు కోలన్లతో విడదీసిన 7 ఫీల్డులు. చివరి ఫీల్డే లాగిన్ షెల్. మామూలు యూజర్‌కు సాధారణంగా అక్కడ బ్యాష్ కనిపిస్తుంది. వెబ్ సర్వర్ లాంటి సర్వీసుల అకౌంట్లకు నోలాగిన్ ఉంటుంది, ఆ పేరుతో ఎవరూ లోపలికి రాకుండా. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు చదివేవాళ్లు ఇలాంటి యూజర్‌ను సృష్టించడం తప్పక సాధన చేయాలి. అందులో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, సిస్టమ్ మీద చేసి చూపించాల్సిందే.

యూజర్ తన షెల్ తానే మార్చుకునే కమాండ్ సీహెచ్‌ఎస్‌హెచ్. ఈటీసీలోని షెల్స్ ఫైల్లో పేరున్న షెల్‌నే అది యూజర్‌కు ఒప్పుకుంటుంది. రూట్‌గా వాడే యూజర్‌మాడ్‌కు ఆ పట్టింపు లేదు. జెడ్‌షెల్ ఇన్‌స్టాల్ చేయకుండానే దాని పాత్ ఇచ్చినా, మహా అయితే ఓ హెచ్చరిక చూపించి రాసేస్తుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఎస్‌ఎస్‌హెచ్ లోపలికి రానివ్వదు. 'పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ మాత్రం అవ్వట్లేదు' అనే ట్రబుల్‌షూటింగ్ ప్రశ్నకు ఇదొక కారణం. లాగ్ చూస్తానని, ఏడో ఫీల్డ్ చూస్తానని చెప్పే అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు.

పెద్ద కంపెనీల్లో యూజర్లు ఎల్‌డాప్ డైరెక్టరీ నుంచి వస్తే పాస్‌వర్డ్ ఫైల్లో వాళ్ల లైనే ఉండదు. వివరాలు గెటెంట్‌తో చూడాలి, షెల్‌ను ఆ డైరెక్టరీ సర్వర్‌లో మార్చాలి. ఈ మాట ఎవరూ అడక్కపోయినా మీరే చెప్పండి.

ఇంట్లో వర్చువల్ మెషిన్‌లో ఒక టెస్ట్ యూజర్‌తో ఇదంతా చేసి చూడండి. మార్పు మళ్లీ లాగిన్ అయినప్పుడే కనిపిస్తుంది. రూట్ షెల్ జోలికి మాత్రం వెళ్లకండి. తప్పనిసరైతే, కొత్త లాగిన్ పనిచేసేదాకా పాత సెషన్ మూయొద్దు.