ప్రార్థన కొందరిది, పాక అందరిది



ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ మిషన్, పేరుతో నడిచే ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా చేరేవారికి పాఠ్యపుస్తకాల గురించి చెప్పవలసింది తక్కువ. పాఠాలకు వెలుపల పిల్లలు కలిసి చేసే పనుల గురించి చెప్పవలసిందే ఎక్కువ. ఎక్కాలూ గుణింతాలూ ఏ బడిలోనైనా ఒక్కటే కనుక, ఈ బడికంటూ ఒక ప్రత్యేకత ఉంటే అది ఉదయపు అసెంబ్లీలో, డిసెంబరులో క్రిస్మస్‌కు కట్టే పశువుల పాకలో, మధ్యాహ్నపు బంతిలో కనిపించాలి.

తెలుగునాట కాథలిక్ బడులు చాలావరకు విచారణను, అంటే ఒక గురువు ఆధ్యాత్మిక పర్యవేక్షణలో ఉండే విశ్వాసుల సమూహాన్ని, ఆనుకొని పెరిగాయి. 1904లో నెదర్లాండ్స్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. సిస్టర్ల వంటి కన్యస్త్రీల సభలు వాటికి బలం చేకూర్చాయి. అయితే బడికి వచ్చే పిల్లలందరూ విచారణకు చెందినవారు కారు. ఆదివారం సత్యోపదేశానికి, అంటే కాథలిక్ విశ్వాస బోధనకు, వెళ్లే పిల్ల పక్కనే అయ్యప్ప మాల వేసుకున్న తండ్రి కొడుకూ, శుక్రవారం నమాజుకు వెళ్లే ఇంటి పిల్లవాడూ కూర్చుంటారు. బడిలో సామూహిక జీవనం ఎలా ఉండాలన్న ప్రశ్న ఈ ముగ్గురూ కూర్చున్న బెంచీ దగ్గరే మొదలవుతుంది.

ఈ ప్రశ్నకు రాజ్యాంగమూ, కాథలిక్ తిరుసభా చెప్పే సమాధానాలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. రాజ్యాంగం 30వ అధికరణం మతపరమైన అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇస్తుండగా, 28వ అధికరణం మూడో ఖండం ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ పొందే సంస్థలో మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధనకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మని నిర్బంధించరాదని చెబుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటన కాథలిక్ బడిలో సువార్త స్ఫూర్తితో స్వేచ్ఛా, ప్రేమా నిండిన వాతావరణం నెలకొనాలని కోరుతుంది. అందువల్ల అసెంబ్లీలో పరలోక జపం చెప్పే పిల్లల నడుమ పెదవి కదపకుండా నిలబడిన పిల్లవాణ్ణి మందలించడం చట్టానికే కాదు, ఆ ప్రకటన స్ఫూర్తికి కూడా విరుద్ధం. అతడు మౌనంగా నిలబడవచ్చు. అదే అసెంబ్లీలో ఆనాటి వార్తలు చదివే వంతు మాత్రం అతనికి తప్పకుండా రావాలి.

ప్రార్థనను ఇంటి సమ్మతికి వదిలి, పనిని అందరికీ పంచడమే ఈ బడి నిర్వహణకు మూలసూత్రం. దీనికి మంచి ఉదాహరణ క్రిస్మస్ పాక. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ యేసు జన్మదృశ్యాన్ని నిజమైన పశువుల నడుమ చూపిన తరువాత ఈ ఆచారం బాగా వ్యాపించింది. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ పాక తెచ్చి వరండాలో పెడితే పిల్లలకు మిగిలేది చూడడమొక్కటే. దానికి బదులు వరిగడ్డి ఒకరు, వెదురు బద్దలు ఒకరు, చెరువు మట్టి ఒకరు తెచ్చి కట్టినప్పుడు గొర్రె కాళ్లు ఎలా మడుచుకుని పడుకుంటుందో జీవాలు కాసే ఇంటి పిల్లకే బాగా తెలుస్తుంది. మట్టి బీటలు వారకుండా సన్నటి పొట్టు కలపాలన్న మెలకువ మట్టిపని చేసే ఇంటి పిల్లవాడి నుంచి వస్తుంది. పదిరోజుల ముందే నానబెట్టిన వడ్లను పళ్లెంలో పోసిన మట్టిపై చల్లి రోజూ తడిపితే, పండుగనాటికి పాక ముందు పచ్చటి నారు నిలుస్తుంది. తరగతిలో వెనకబడ్డాడని పేరుపడ్డ పిల్లవాడు అక్కడ మేస్త్రీ అయినప్పుడు మిగిలినవారు అతన్ని చూసే చూపు మారుతుంది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస, దాన కాలాన్ని తపస్సు కాలం అంటారు. విభూది బుధవారంతో మొదలయ్యే ఈ రోజుల్లో బడిలో డబ్బీ పెట్టి పేదల కోసం పోగుచేయడం వాడుక. ఏ తరగతి ఎక్కువ ఇచ్చిందో అసెంబ్లీలో చదివితే దానం పందెమవుతుంది, ఇవ్వలేని పిల్ల తలవంచుకుంటుంది. మూత తీయని డబ్బీ, పేరు రాయని చీటీ, డబ్బు లేని ఇంటి నుంచి పిడికెడు బియ్యం చాలు. 2022లో కార్డినల్ అయిన తొలి తెలుగువారూ, తొలి దళితులూ అయిన పూల ఆంథోని గారి చదువు చిన్నతనంలో పేదరికం వల్ల ఆగిపోతే, మిషనరీల తోడ్పాటుతో తిరిగి సాగింది. డబ్బీలో పడే రూపాయి ఏ పిల్లవాడి పుస్తకంగా మారుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది మధ్యాహ్నపు బంతి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రభుత్వ బడులతో పాటు ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లోనూ వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఉత్తర్వులు నేర్పలేవు. కులం ఊరి హద్దు దాటి విచారణలోకీ, అక్కడి నుంచి బంతిలోకీ వస్తుంది. వడ్డించే వంతు అయిదో తరగతి పిల్లలందరికీ వరుసగా తిరగాలి, వడ్డించినవారు చివర తినాలి, ప్రధానోపాధ్యాయిని కంచం కూడా అదే బంతిలో, రోజుకొక చోట ఉండాలి. పిల్లలు ఉపన్యాసం మరిచిపోతారు గానీ టీచరమ్మ ఎవరి చేతి కూర తిన్నదో మరిచిపోరు.

ఇతర మతాల తల్లిదండ్రులు ఏమనుకుంటారోనన్న బెంగ అవసరం లేదు. ఏటా ఫిబ్రవరి 11న విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవంలో కొబ్బరికాయలు కొట్టి తలనీలాలు ఇచ్చేవారిలో హిందువులు ఎందరో ఉంటారు. ఒకరి పండుగలో ఇంకొకరు చేయి వేయడం ఈ నేలకు కొత్త కాదు. పాక విప్పే రోజున ఎండిన నారును ఏ మేకకు వేయాలో పిల్లలే తేల్చుకుంటారు. ఆ చర్చలో ఎవరి గొంతు వినబడలేదో గుర్తుపెట్టుకుని, మరుసటి ఏడు మొదటి వెదురు బద్ద ఆ పిల్ల చేతికి ఇవ్వాలి.