మసిగుడ్డ కాదు, అద్దకం తువ్వాలు

గుడ్డ లేని వంటిల్లు ఉండదు. పొయ్యి మీది గిన్నె దించాలంటే గుడ్డ కావాలి. పళ్లెం తుడవాలంటే గుడ్డ కావాలి. తడిచేయి తుడుచుకోవాలన్నా గుడ్డే. చాలా ఇళ్లలో అది పాత చీర ముక్క. లేకపోతే చిరిగిన లుంగీ ముక్క. దాని పేరు మసిగుడ్డ. పేరులోనే మసి ఉంది. దాన్ని ఎవరూ డబ్బు పెట్టి కొనరు. ఎవరూ ఒకరికి కానుకగా ఇవ్వరు.

అలాంటి గుడ్డనే కానుకగా ఇస్తానంది ఒక కోడలు.

ఆమె అత్తవారిది గుడివాడ దగ్గర ఒక పల్లె. ఆడపడుచు కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం ఇంకా పన్నెండు రోజులుంది. అత్తకు దిగులు పట్టుకుంది.

"స్టీలు బిందె అయినా పెట్టాలి కదే. ఉత్త చేతులతో పోతే అమ్మాయికి అత్తవారింట్లో మాట పడుతుంది" అంది అత్త.

ధాన్యం డబ్బులు ఇంకా చేతికి రాలేదు. సంఘంలో తీసుకున్న అప్పు వాయిదా ఈ నెల కట్టాలి. మళ్లీ వడ్డీకి తేవడం కోడలికి ఇష్టం లేదు.

"అత్తయ్యా, ఆరు వంటింటి తువ్వాళ్లు చేసి పెడదాం. మా పెడన అద్దకంలాగా పువ్వులు అద్దుతాను" అంది కోడలు.

"మసిగుడ్డలు చదివిస్తావా? నలుగురూ నవ్వరూ!"

"అద్దాక చూడండి. బాగాలేకపోతే అప్పుడే వడ్డీకి తెద్దాం" అంది కోడలు.

పెడనలో ఎలా అద్దుతారు?

కోడలి పుట్టిల్లు పెడన. అది కృష్ణా జిల్లాలో ఉంది. బందరుకు దగ్గర. బందరునే మచిలీపట్నం అంటారు. అక్కడి అద్దకానికి కలంకారీ అని పేరు. కలం అంటే రాసే పుల్ల. శ్రీకాళహస్తిలో కలంతోనే బొమ్మలు గీస్తారు. పెడనలో మాత్రం కలం కన్నా అచ్చులే ఎక్కువ. టేకు చెక్క మీద పువ్వులు, ఆకులు, తీగలు చెక్కుతారు. అదే అచ్చు. ఒక పువ్వులో మూడు రంగులుంటే మూడు అచ్చులు కావాలి.

ఈ బట్టలు కొత్తవి కావు. బందరు రేవు నుంచి ఓడల మీద పారశీక దేశానికి, యూరపుకు పోయేవి. 1611లో ఇంగ్లీషు వర్తకులు బందరులో కొట్టు పెట్టారు. వాళ్లు వచ్చిన పనుల్లో మన బట్టలు కొనడం పెద్ద పని.

అక్కడ రంగు వేసే పద్ధతి చిత్రంగా ఉంటుంది. ముందు బట్టకు గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ నీళ్లలో పాలు కలిపి బట్టను ముంచి ఆరేస్తారు. ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో చాలా రోజులు నానబెడతారు. ఆ నీళ్లు అచ్చుతో అద్దితే కరక్కాయ బట్ట మీద నల్లగా పడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పుడు అక్కడ ఎరుపు కనిపించదు. తరవాత ఎర్ర రంగునిచ్చే వేళ్లతో, చెక్కతో బట్టను గంగాళంలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట ఉతికితే పోతుంది. అందుకే కాలువలో, పారే నీటిలో బాగా జాడిస్తారు. ఎండలో ఆరేస్తారు. కోడలి తల్లి ఆ కాలువలో బట్టలు జాడించిన మనిషే.

ఇంట్లో ఇదంతా కుదరదు. గంగాళం లేదు, పారే కాలువ లేదు. అందుకని కోడలు బజారు రంగు తెచ్చింది. దాన్ని పిగ్మెంట్ రంగు అంటారు. దానితో పాటు బైండరు అనే తెల్లటి ముద్ద తెచ్చుకోవాలి. ఈ రంగు నూలులోకి ఇంకదు. బట్ట మీదే నిలుస్తుంది. బైండరు జిగురులా దాన్ని బట్టకు అంటిస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

బట్ట

కోడలు మూడు మీటర్ల తెల్ల నూలు బట్ట కొంది. పన్నా 36 అంగుళాలు. పాలిస్టరు కలిసిన బట్ట వద్దంది. అది తడి పీల్చదు. తడి పీల్చని గుడ్డ వంటింట్లో దండగ.

కొన్న రోజే కత్తిరించలేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. పొద్దున్నే సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. కొత్త బట్టలో గంజి ఉంటుంది. గంజి మీద అద్దితే రంగు గంజికే అంటుతుంది. గంజి పోయిన రోజున రంగూ పోతుంది. ఇంకో సంగతి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ముందే ఉతికితే తరవాత కొలత మారదు.

ఆరిన బట్టను పన్నాలో సగానికి కత్తిరించింది. పొడవు 27 అంగుళాల చొప్పున కోసింది. మొత్తం ఎనిమిది ముక్కలు వచ్చాయి. అంచులు మడిచి కుట్టింది. ఆరు కానుకకు. రెండు చెయ్యి కుదరడానికి. ఆ రెండూ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

అచ్చులు

టేకు అచ్చులు కొనాలంటే డబ్బు కావాలి. కోడలు కూరల బుట్ట ముందేసుకుంది. ముదురు బెండకాయను అడ్డంగా కోసింది. లోపల అయిదు రేకుల పువ్వు కనిపించింది. చెక్కే పనే లేదు! బంగాళదుంపను రెండుగా కోసింది. కోసిన వైపు పెన్నుతో మామిడి పిందె గీసింది. గీత చుట్టూ పావు అంగుళం లోతు చాకుతో చెక్కి తీసేసింది. పిందె పైకి లేచి నిలబడింది.

దుంపలో నీరు ఉంటుంది. ఆ నీరు రంగును పల్చన చేస్తుంది. అందుకని చెక్కిన దుంపను పొడి గుడ్డ మీద బోర్లించి కాసేపు ఉంచాలి. దుంప అచ్చు ఆ రోజుకే పనికొస్తుంది. మర్నాటికి వడిలిపోతుంది.

ఆడపడుచు పేరు "ల"తో మొదలవుతుంది. ఒక మూల "ల" అద్దుదామనుకుంది కోడలు. దుంప మీద చక్కగా రాసి చెక్కింది. అద్ది చూస్తే "ల" తిరగబడింది. పిల్లలు పకపకా నవ్వారు. అచ్చు మీద ఉన్నది బట్ట మీద అద్దంలో చూసినట్టు పడుతుంది. అందుకని కాగితం మీద "ల" రాయాలి. కాగితాన్ని తిరగేసి వెలుగుకు పట్టుకోవాలి. వెనక నుంచి ఎలా కనిపిస్తే అలాగే దుంప మీద గీయాలి. రెండో దుంపతో "ల" సరిగ్గా పడింది.

మొదటి గుడ్డ పాడైంది

కోడలికి ముదురు ఎరుపు ఇష్టం. చిన్న సీసాలోని రంగు బైండరులో దండిగా పోసింది. కలిపింది. అద్దింది. ఎంత బాగుందో! అత్త కూడా దగ్గరికి వచ్చి చూసింది.

రెండు రోజులు ఆరబెట్టి ఇస్త్రీ చేసింది. ఆ మీదట తడి గుడ్డతో రుద్ది చూసింది. తడి గుడ్డ ఎర్రబడింది.

"చెప్పానా? వాళ్ల గిన్నెలకు, చేతులకు అంటితే ఏమంటారు?" అంది అత్త.

కోడలు మాట్లాడలేదు. బైండరు డబ్బా తీసింది. దాని మీద చీటీ ఉంది. చీటీ ఇంగ్లీషులో ఉంది. అంకెలు మాత్రం తెలుస్తున్నాయి. 100 అని ఉంది. 3 అని ఉంది. పక్కింట్లో పదో తరగతి చదివే పిల్లను పిలిచి చదివించుకుంది. 100 గ్రాముల బైండరుకు 3 గ్రాముల రంగు కలపాలని రాసుంది.

రంగు ఎక్కువైతే జిగురు చాలదు. జిగురు అందని రంగు ఊడిపోతుంది. అంతే సంగతి. సీసా చేతిలో ఉంది. చీటీ కళ్ల ముందే ఉంది. చదవకుండానే పోసింది. ఒక్కో రకం మీద ఒక్కో లెక్క ఉంటుంది. ఎవరిది వాళ్లు చదువుకోవాలి. లేదా చదివించుకోవాలి. కొట్టువాడి నోటిమాట చాలదు.

పావు కిలో బైండరుకు ఎంత రంగు? 250 గ్రాములకు ఏడున్నర గ్రాములు. చిన్న చెంచాతో సుమారు చెంచాన్నర. కోడలు కొలిచి పోసింది. రంగు కొంచెం లేతగా వచ్చింది. లేతగా ఉన్నా నిలిచింది. రెండో గుడ్డను రుద్దితే తడి గుడ్డ తెల్లగానే ఉంది. అప్పుడు కానుక గుడ్డలు తీసింది.

అద్దడం

బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసింది. కింద మెత్తగా ఉంటేనే అచ్చు అంతా సమంగా తగులుతుంది. పెడనలోనూ బల్లల మీద గోనె, బట్ట పరిచే అద్దుతారు. పాత పళ్లెంలో తడి స్పాంజి పెట్టింది. నీళ్లు కారేంత తడి కాదు. దాని మీద చెంచాతో రంగు పల్చగా పూసింది. అచ్చును స్పాంజి మీద ఆనించాలి. రంగులో ముంచకూడదు. ముంచితే అంచులు కారతాయి.

అచ్చును నిటారుగా దించి, అరచేత్తో నొక్కి, నిటారుగానే లేపాలి. పక్కకు జరిపితే మరక. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా పోవాలి. లేకపోతే అద్దిన దాని మీదే చెయ్యి పడుతుంది.

తువ్వాలు నిండా పువ్వులు వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కోడలు వేయలేదు. అంచుల్లో మాత్రం బెండపువ్వుల వరస వేసింది. మూలల్లో పిందెలు వేసింది. మధ్యలో తెల్లగా వదిలింది. రంగు పడ్డ చోట బట్ట బిరుసెక్కుతుంది, తడి సరిగా పీల్చదు. గిన్నెలు తుడిచేది మధ్య భాగంతోనే కదా. చూడటానికీ ఇదే బాగుంది.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. రంగు కలిపిన పళ్లెం, చెంచా మళ్లీ వంటకు వాడకూడదు. అద్దిన బెండకాయలు, దుంపలు కూరకు పనికిరావు. గేదెలకు, కోళ్లకు కూడా వేయకూడదు. కొన్ని రంగుల్లో కిరోసిన్ కలుస్తుంది. కిరోసిన్ వాసన వస్తే పొయ్యికి దూరంగా, తలుపులు తెరిచి పని చేయాలి. చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టుకోవాలి.

అద్దిన గుడ్డలు నీడలో ఒక రోజు ఆరాయి. మర్నాడు కోడలు వాటిని తిరగేసింది. రంగు వైపు కిందికి పెట్టి, పాత బట్ట కప్పి, వేడి ఇస్త్రీ పెట్టె మెల్లగా నడిపింది. ఒక్కో చోట కాసేపు ఆపి మళ్లీ నడిపింది. వేడి తగిలితేనే జిగురు గట్టిపడుతుంది. ఆ పైన మూడు రోజులు నీళ్లు తగలనివ్వలేదు. అత్తకు ఇదే కష్టమైంది. రోజూ ఒకసారి "ఉతికి చూడవే" అనేది.

కానుకతో పాటు చీటీ

ఆరు తువ్వాళ్లు మడిచి ఎర్ర దారంతో కట్టింది కోడలు. పైన ఒక చీటీ పెట్టింది. తన చేత్తోనే రాసింది. అందులో ఇలా ఉంది:

"వీటిని విడిగా ఉతుకు. వేడి నీళ్లలో ఉడకబెట్టకు. బ్లీచింగు వేయకు. అద్దిన చోట బ్రష్షుతో రుద్దకు. తిరగేసి నీడలో ఆరెయ్యి. వేడి అన్నం మీద, రొట్టెల మీద కప్పాలంటే పువ్వులు పైకి ఉండాలి. మీ వదిన."

గృహప్రవేశం నాడు ఒకాయన నోటు పుస్తకం పెట్టుకుని చదివింపులు రాస్తున్నాడు. "అమ్మగారింటి నుంచి తువ్వాళ్లు ఆరు" అన్నాడు. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. అత్త తల దించుకుంది. ఆడపడుచు దారం విప్పింది. మూలన "ల" చూసి వేలితో తడిమింది. చీటీ చదివింది. "ఇది వదిన రాసిందా?" అని తల్లిని అడిగింది. అప్పుడు పక్కనున్న ఆడవాళ్లు చేతులు చాచారు. తువ్వాళ్లు చేతులు మారాయి. ఒకావిడ గుడ్డను వెనక్కి తిప్పి, గోటితో గీకి కూడా చూసింది.

పది రోజుల తరవాత ఫోను వచ్చింది. "వదినా, మూడు ఉతుకులు అయ్యాయి. రంగు దిగలేదు. మా వీధిలో ఇద్దరు అడుగుతున్నారు. ఎంతకిస్తావు?" అంది ఆడపడుచు.

కోడలు వెంటనే ధర చెప్పలేదు. "లెక్క చూసి చెబుతా" అంది.

లెక్క కట్టండి

బట్ట మీటరు 70 రూపాయలు అనుకుందాం. మూడు మీటర్లకు 210 రూపాయలు. రంగు, బైండరు కలిపి 120 రూపాయలు. దారం 10 రూపాయలు. మొత్తం 340 రూపాయలు. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో తువ్వాలుకు 42 రూపాయల 50 పైసలు. కానీ రెండు గుడ్డలు చెయ్యి కుదరడానికే పోయాయి. అమ్మడానికి మిగిలినవి ఆరే. 340ని ఆరుతో భాగిస్తే సుమారు 57 రూపాయలు. ఇందులో కోడలి కూలి లేదు. కుట్టడానికి, అద్దడానికి, ఇస్త్రీకి ఆమెకు రెండు పూటలు పట్టింది.

1. మీ ఊళ్లో రెండు పూటల కూలి ఎంత? దాన్ని 340కి కలపండి. ఆరుతో భాగించండి. ఒక్కో తువ్వాలు ధర ఎంత వచ్చింది?

2. మీ బజారులో తెల్ల నూలు బట్ట మీటరు ఎంతో అడిగి ఇక్కడ రాయండి.

3. మీ ఇంట్లో ఉన్న ఏదైనా సీసా మీది చీటీ చదవండి. అందులో ఉన్న అంకెలు మీ పుస్తకంలో రాయండి.

4. మీ పేరులో మొదటి అక్షరం కాగితం మీద రాయండి. కాగితం తిరగేసి వెలుగులో చూడండి. ఎలా కనిపిస్తే అలా పక్కన రాయండి.