యాంటెన్నా బయట మార్పిస్తే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది ఇచ్చోడ. సొంత కారు కొనుక్కొని ఆదిలాబాద్, నిర్మల్ కిరాయిలకు నేనే నడుపుకుంటున్న. ఇంకా వారంటీ ఉంది. రేడియో సక్కగ వస్తలేదని బయట ఒక షాపుల పాత యాంటెన్నా తీపిచ్చి, చేప రెక్క లెక్కుండే కొత్తది పెట్టిచ్చిన. ‘ఇది శాటిలైట్ యాంటెన్నా, యాడికి పోయినా అందుతది’ అన్నరు. ఆదిలాబాద్ దిక్కు పోతుంటే గుడిహత్నూర్ కాడ కూడా గరగరే. మొన్నటి వానకు టాపు లోపలి గుడ్డ తడిసింది. షోరూముకు పోతే ‘బయట పని చేపిచ్చినవ్, కారు వారంటీ మొత్తం పోయింది’ అన్నరు. షాపాయన బిల్లు ఇయ్యలే. ఏం చెయ్యాలె?

జవాబు: మీ కారు వారంటీ మొత్తం పోలేదు. షాపు వాళ్ల బాధ్యత కూడా తీరిపోలేదు. ఈ రెండూ వేరువేరు గొడవలు, వీటిని కలిపేస్తే మీరే నష్టపోతారు.

ముందు ఆ ‘శాటిలైట్’ మాట సంగతి చూద్దాం. మన దేశంలో ఉపగ్రహం నుంచి నేరుగా రేడియో వినిపించిన సంస్థ వరల్డ్‌స్పేస్. 2000లో పైకి వెళ్లిన ఏషియాస్టార్ ఉపగ్రహం ద్వారా అది పనిచేసేది, తెలుగు పాటలకు ‘స్పందన’ అనే చానెల్ ఉండేది. అదీ ఎక్కువగా ఇంట్లో, కిటికీ దగ్గర చిన్న యాంటెన్నా పెట్టుకొని వినేదే. అమెరికాలో దాని మాతృసంస్థ 2008లో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో ఇక్కడి సేవ ఆగిపోయింది. ఆ తర్వాత మన కార్లలో వినడానికి అలాంటి సేవ ఏదీ లేదు. అమెరికాలో మనవాళ్ల కార్లలో మోగే సిరియస్ ఎక్స్‌ఎం ఆ ఖండానికే పరిమితం, అక్కడి నుంచి యాంటెన్నా తెచ్చి పెట్టుకున్నా ఇక్కడ పలకదు. కొన్ని చేప రెక్క యాంటెన్నాల లోపల దారి చూపే జీపీఎస్ భాగం ఉంటుంది, అది ఉపగ్రహంతో పనిచేసే మాట నిజమే. దానికీ రేడియోకూ సంబంధం లేదు. కాబట్టి రేడియో బాగా వినిపించడానికని చెప్పి ‘శాటిలైట్ యాంటెన్నా’ అమ్మితే, లేని గుణాన్ని ఉన్నట్టు చెప్పి అమ్మినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) దీన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది.

మీ కారులో పలకాల్సింది ఆకాశవాణి ఆదిలాబాద్, 100.2 మెగాహెర్ట్జ్. ఎఫ్‌ఎం తరంగం దాదాపు తిన్నగా పోతుంది, గుట్ట అడ్డం వస్తే బలహీనపడుతుంది. ఇచ్చోడ నుంచి నేరడిగొండ దాటి నిర్మల్ ఘాట్ల వైపు వెళ్తుంటే గరగర వచ్చిందంటే ఆ తప్పు యాంటెన్నాదని చెప్పలేం. గుడిహత్నూర్ సంగతి అలా కాదు. మీరు స్టేషన్‌కు దగ్గరవుతున్నారు, మాట ఇంకా స్పష్టం కావాలి. అక్కడా గరగర తగ్గలేదంటే లోపం కారులోనే ఉందని చెప్పడానికి అదే మీ మొదటి ఆధారం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఈ తేడా చెప్పగలిగితే ‘కొండల వల్లే సార్’ అనే జవాబు నిలవదు.

లోపం ఎక్కడుంటుందో కూడా కాస్త తెలిసి ఉండాలి. ఆ ఫ్రీక్వెన్సీకి సరిపడే కడ్డీ పొడవు దాదాపు 75 సెంటీమీటర్లు. జానెడు కూడా లేని రెక్కలో అంత పొడవు ఇమడదు, అందుకే లోపల చిన్న యాంప్లిఫయర్ పెడతారు. స్టీరియో వెనక నుంచి 12 వోల్టుల తీగ దానికి కలపాలి. అది కలపకపోతే పాత కడ్డీ కంటే అధ్వానంగా పలుకుతుంది. కొన్ని రెక్కలైతే ఉత్త ప్లాస్టిక్ తొడుగులు, లోపల ఏమీ ఉండదు. ఇక టాపు తడవడానికి ఎక్కువ సార్లు కారణం యాంటెన్నా కింది రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోకపోవడమే. సరుకు పనికిరానిదైతే చట్టం దాన్ని వస్తులోపం అంటుంది, బిగింపు చెడితే సేవాలోపం అంటుంది. మీ ఫిర్యాదులో రెండూ రాయండి.

బిల్లు ఇవ్వలేదని దిగులుపడకండి. బిల్లు ఇవ్వకపోవడమే పైన చెప్పిన సెక్షన్ 2(47) కింద తప్పు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ తప్పే. మీరు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ రికార్డు చాలు, నగదు ఇచ్చి ఉంటే వాట్సాప్‌లో ధర మాట్లాడుకున్న మెసేజ్‌లు, పక్కనున్న సాక్షి పనికొస్తారు. ఈలోపు ఒక పని చెయ్యండి. అదే మోడల్ కారు ఇంకొకటి పక్కన నిలిపి, ఒకే చోట, ఒకే స్టేషన్ పెట్టి, రెండింటి శబ్దం వినిపించేలా ఫోన్‌లో వీడియో తియ్యండి. టాపు తడిసిన చోట, యాంటెన్నా మొదలు దగ్గర ఫొటోలు తియ్యండి. తీసేసిన పాత యాంటెన్నా షాపులోనే వదిలేసి ఉంటే అడిగి తెచ్చుకోండి, అది మీ సొత్తు.

షోరూము వాళ్ల మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ ఒక్క మాటకు భయపడి మన జిల్లాల్లో చాలామంది చిన్న పనికి కూడా పెద్ద బిల్లులు కడుతున్నారు. విడిభాగాలు, మరమ్మతుల విషయంలో కార్ల కంపెనీల తీరు మీద షంషేర్ కటారియా అనే వ్యక్తి ఇచ్చిన సమాచారంతో భారత పోటీ కమిషన్ విచారణ జరిపింది. 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి మెకానిక్ చెయ్యి వేస్తే చాలు వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టొద్దని ఆదేశించింది. బయట చేసిన తప్పుడు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చంది. కంపెనీలు ఈ ఉత్తర్వు మీద అప్పీళ్లకు వెళ్లాయి, కాబట్టి మీ కేసును దీనిమీదే నిలబెట్టకండి. అయినా అందులోని తర్కం న్యాయమైనది, వినియోగదారుల చట్టం కింద కూడా మీరు ఆ వాదనే చెయ్యవచ్చు.

ఆ లెక్కన కొత్త యాంటెన్నాకు, దాని బిగింపు వల్ల తడిసిన గుడ్డకు కంపెనీ జవాబుదారీ కాదు. తీగ తప్పుగా కలిపి స్టీరియో కాలిపోతే దానికీ కాకపోవచ్చు. గేరుబాక్సుకు, ఏసీకి, బ్రేకులకు యాంటెన్నాతో ఏం సంబంధం? రేపు వాటిలో ఏది చెడినా వారంటీ కింద చెయ్యాల్సిందే. అందుకే కౌంటరు దగ్గర వాదన పెట్టుకోకుండా, ‘ఏ భాగానికి, ఏ షరతు ప్రకారం, ఏ నష్టం కనిపించి వారంటీ నిరాకరిస్తున్నారో రాసివ్వండి’ అని ఈమెయిల్‌లోనో స్పీడ్ పోస్టులోనో అడగండి. నోటితో ‘మొత్తం పోయింది’ అన్నవాళ్లు కాగితం మీద అంత తేలిగ్గా రాయలేరు.

మీరు కిరాయికి నడుపుతున్నారు కాబట్టి ‘వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాదు’ అని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. బెదరకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(7) వివరణే చెబుతోంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లో ఈ విషయాన్ని విడమరిచింది, తానే నడుపుకునే టాక్సీ డ్రైవరును ఉదాహరణగా తీసుకొని మరీ చెప్పింది. నాలుగు బండ్లు పెట్టి డ్రైవర్లతో నడిపించేవారి సంగతి వేరు. ఫిర్యాదులో ‘ఈ ఒక్క కారును నేనే నడుపుకొని కుటుంబాన్ని పోషించుకుంటున్నాను’ అనే వాక్యం తప్పక ఉండాలి.

యాంటెన్నా మార్చినందుకు ఆర్టీవో పట్టుకుంటారేమో అని కూడా కొందరు అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుకునేది బండి మూల స్వరూపాన్ని మార్చే పనులను. యాంటెన్నా అందులోకి రాదు. మొబైల్ సిగ్నల్ బూస్టర్ మాత్రం పెట్టించకండి, అనుమతి లేకుండా అది వాడటం నేరం.

ఇక ఫిర్యాదు సంగతి. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా గొడవలు అక్కడే తెగుతాయి. తెగకపోతే షాపుకు 15 రోజుల గడువిచ్చి నోటీసు పంపి, ఆదిలాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వెయ్యండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, సరుకు ఆన్‌లైన్‌లో కొన్నా, మీరుండే చోటే వేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. యాంటెన్నా, బిగింపు కూలి ఆ లెక్కకు చాలా దిగువనే ఉంటాయి. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. యాంటెన్నాను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కుంది. కట్టిన డబ్బు వాపసు, టాపు బాగుచేయించే ఖర్చు, కిరాయిలు పోయిన నష్టం మూడూ విడివిడిగా రాసి అడగండి. ఉత్తర్వు వచ్చాక పాటించకపోతే సెక్షన్ 72 కింద జైలు శిక్ష లేదా కనీసం 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి, అయితే తడిసిన గుడ్డ ఆరిపోయి వాషర్ మార్చేశాక రుజువు చేయడం కష్టం కాబట్టి అంతదాకా ఆగకండి.

వకీలు కావాలనిపిస్తే ఆదిలాబాద్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, జాతీయ న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. కారు మీ ఇంటావిడ పేరు మీద ఉంటే ఫిర్యాదు ఆవిడ పేరుతోనే వేయించవచ్చు, అప్పుడు ఆ వకీలు సాయం కూడా ఆవిడకే అందుతుంది.