కమాండ్లు వేళ్లకు రావాలి: సీసీఎన్ఏ పరీక్షకు సాధన సామగ్రి

మన హాస్టల్లో ఉంటూ పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లు చాలామంది ఈ ఏడాది మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, సీసీఎన్ఏకి కమాండ్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా వార్షికోత్సవ సంచికలో రాద్దామనుకున్నాం. కలిసి సాధన చేసిన మేం నలుగురం మాకు ఉపయోగపడినవి, తక్కువ ఖర్చులో అయ్యేవి మాత్రమే ఇక్కడ చెబుతున్నాం.

వ్యాసంలో కమాండ్లను తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. కంప్యూటరులో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. కాబట్టి ఒక్కో కమాండు పక్కన దాని ఇంగ్లీషు స్పెల్లింగ్‌ను మీ పాఠ్యపుస్తకం చూసి పెన్సిలుతో రాసుకోండి. అదే మీ మొదటి అభ్యాసం.

పరీక్ష సంగతి

సిస్కో సంస్థ సీసీఎన్ఏ పరీక్షను 1998లో మొదలుపెట్టింది. ఆ తర్వాత సిలబస్ చాలాసార్లు మారింది. 200-301 అనే పరీక్ష 2020 ఫిబ్రవరిలో వచ్చింది. 2024 ఆగస్టులో దానికి 1.1 అనే సవరణ చేశారు. సమయం 120 నిమిషాలు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. జవాబు ఇచ్చి ముందుకు వెళ్లాక వెనక్కి వచ్చి దిద్దుకునే వీలు లేదు. సరైన జవాబు ఎంచుకునే ప్రశ్నలతో పాటు, రౌటరు తెర ముందు కూర్చోబెట్టి "ఇది చేసి చూపించు" అనే ల్యాబ్ ప్రశ్నలూ ఉంటాయి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్‌కు 10, ఆటోమేషన్‌కు 10 శాతం బరువు ఇచ్చారు. వీటిలో ఆటోమేషన్ తప్ప మిగతా అన్నింటిలోనూ కమాండ్ల పని ఉంది.

ఫీజు 300 డాలర్లు. పన్ను కలపకముందే మన డబ్బులో పాతిక వేలు దాటుతుంది. తప్పితే ఐదు రోజులు ఆగి, మళ్లీ మొత్తం ఫీజు కట్టి రాయాలి. కాస్మెటిక్ ఛార్జీలు కూడా జాగ్రత్తగా లెక్కపెట్టుకునే మనకు ఆ రెండో అవకాశం ఉండదు. "ఒకసారి రాసి చూద్దాం" అనే మాట మనకు కుదరదు. సాధన అంతా ఫీజు కట్టక ముందే పూర్తి కావాలి.

ఇంగ్లీషు భయం వద్దు

తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు మొదట భయపడేది కమాండ్ల భాషకే. నిజానికి అది చాలా చిన్న భాష. 'షో' అంటే చూపించు. 'నో' అంటే ఇచ్చిన ఆజ్ఞ తీసెయ్యి. 'షట్‌డౌన్' అంటే ఆ తలుపు మూసెయ్యి. కనుక 'నో షట్‌డౌన్' అంటే తలుపు తెరువు. రౌటరు ఇంటర్ఫేసులు మొదట మూసే ఉంటాయి. అందుకే ఐపీ అడ్రసు ఇచ్చాక 'నో షట్‌డౌన్' తప్పనిసరి. ఇలాంటి మాటలు వంద వస్తే పరీక్షకు కావలసిన పని చాలావరకు నడుస్తుంది.

మాటలకంటే ముఖ్యమైనది మోడ్. దీన్ని మన హాస్టలుతో పోల్చి చెప్పుకుంటే మాకు తేలికైంది.

1. యూజర్ మోడ్ (గుర్తు >): ఇది వరండా. బయటినుంచి కొద్దిగా చూడవచ్చు, ఏదీ ముట్టుకోకూడదు.
2. ప్రివిలేజ్డ్ మోడ్ (గుర్తు #): ఇది వార్డెన్ సారు ఆఫీసు గది. 'ఎనేబుల్' అంటే లోపలికి వస్తాం. రిజిస్టర్లన్నీ తెరిచి చూడవచ్చు.
3. గ్లోబల్ కాన్ఫిగరేషన్ మోడ్: బీరువా తెరిచినట్టు. 'కాన్ఫిగర్ టెర్మినల్' దాని తాళంచెవి. ఇక్కడినుంచి మార్పులు చేయవచ్చు.
4. ఇంటర్ఫేస్, లైన్, రౌటర్ మోడ్‌లు: బీరువాలోని అరలు. ఏ అరలో పెట్టవలసినది ఆ అరలోనే పెట్టాలి.

కమాండు సరిగ్గానే కొట్టినా రౌటరు ఒప్పుకోలేదంటే, చాలాసార్లు మనం వేరే అరలో ఉన్నామని అర్థం. ముందు ఎడమవైపున్న గుర్తు చూడాలి, తర్వాతే స్పెల్లింగ్ చూడాలి.

మొదటి సాధనం: శుభలేఖల కార్డులు

ఖర్చు లేని సాధనం ఇదే. పాత శుభలేఖల వెనుక తెల్లని వైపు ఉంటుంది. వాటిని పేకముక్కంత సైజులో కత్తిరించండి. ముందువైపు పని రాయాలి. ఉదాహరణకు "స్విచ్ పోర్టును వ్లాన్ 10లో చేర్చు". వెనుకవైపు మూడు రాయాలి: ఏ మోడ్, ఏ కమాండు, సరిగ్గా అయిందో లేదో చూసే 'షో' కమాండు. పై ఉదాహరణకు: ఇంటర్ఫేస్ మోడ్; 'స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్', 'స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వ్లాన్ 10'; 'షో వ్లాన్ బ్రీఫ్'.

కమాండు పేరు ముందువైపు రాసి అర్థం వెనుక రాయకండి. పరీక్షలో పని చెప్పి కమాండు అడుగుతారు. కార్డు కూడా అలాగే అడగాలి.

మూడు మిఠాయి డబ్బాలు తీసుకోండి. కార్డులన్నీ మొదట ఒకటో డబ్బాలో ఉంటాయి. చెప్పగలిగిన కార్డు తర్వాతి డబ్బాలోకి పోతుంది. చెప్పలేకపోతే ఏ డబ్బాలో ఉన్నా మళ్లీ ఒకటో డబ్బాకే వస్తుంది. ఒకటో డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి ఒకసారి తీయాలి. దీన్ని 1970లలో జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చారు. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ సంతోషపడకుండా, రానిదానిమీద సమయం పెట్టిస్తుంది. ఫోను ఉన్నవారికి ఇదే పని చేసే ఆంకీ అనే అప్లికేషన్ కంప్యూటరులోనూ, ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితంగా దొరుకుతుంది. మెస్ దగ్గర వరుసలో నిలబడి పది కార్డులు తిప్పవచ్చు.

రెండో సాధనం: ప్యాకెట్ ట్రేసర్

కార్డులు జ్ఞాపకానికి, ప్యాకెట్ ట్రేసర్ చేతికి. ఇది సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితం. తెర మీద రౌటర్లు, స్విచ్‌లు, కంప్యూటర్లు పెట్టి, కేబుళ్లు కలిపి, నిజమైన పరికరానికి ఇచ్చినట్టే కమాండ్లు ఇవ్వవచ్చు. సిమ్యులేషన్ మోడ్‌లో పెడితే ప్యాకెట్ ఒక కవరులాగా ఒక్కో పరికరం దగ్గర ఆగుతూ పోవడం కనిపిస్తుంది. చేసిన ల్యాబ్‌ను ఫైలుగా దాచుకుని పెన్‌డ్రైవ్‌లో కాలేజీకి తీసుకువెళ్లవచ్చు. నిజమైన పరికరంలోని కమాండ్లన్నీ ఇందులో పనిచేయవు. అయినా సీసీఎన్ఏ స్థాయికి ఇది సరిపోతుంది.

మొదటి ల్యాబ్‌గా ఇది చేయండి. ఒక రౌటరు, రెండు స్విచ్‌లు, స్విచ్‌కి ఒకటి చొప్పున రెండు కంప్యూటర్లు పెట్టండి. 192.168.10.0 నెట్‌వర్క్‌ను 255.255.255.192 మాస్కుతో విడగొడితే ఒక్కో భాగంలో 64 అడ్రసులు వస్తాయి. మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు పోగా 62 మిగులుతాయి. మొదటి భాగంలో 1 నుంచి 62 వరకు, రెండో భాగంలో 65 నుంచి 126 వరకు వాడుకోవచ్చు.

రౌటరులో ఇచ్చే వరుస ఇది:
1. ఎనేబుల్
2. కాన్ఫిగర్ టెర్మినల్
3. ఇంటర్ఫేస్ గిగాబిట్ ఈథర్నెట్ 0/0
4. ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.192
5. నో షట్‌డౌన్
6. ఇంటర్ఫేస్ గిగాబిట్ ఈథర్నెట్ 0/1
7. ఐపీ అడ్రస్ 192.168.10.65 255.255.255.192
8. నో షట్‌డౌన్
9. ఎండ్
10. షో ఐపీ ఇంటర్ఫేస్ బ్రీఫ్

రెండు ఇంటర్ఫేసులూ 'అప్, అప్' అని కనిపించాలి. 'అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్' అని ఉంటే 'నో షట్‌డౌన్' ఇవ్వలేదన్నమాట. ఇప్పుడు ఒక కంప్యూటరుకు 192.168.10.10, గేట్‌వే 192.168.10.1 ఇవ్వండి. రెండోదానికి 192.168.10.70, గేట్‌వే 192.168.10.65 ఇవ్వండి. రెండింటికీ మాస్కు అదే. ఒకదాని నుంచి రెండోదానికి పింగ్ చేయండి. మొదటి పింగ్ పోయి తర్వాతివి వస్తే కంగారు పడకండి. అవతలి కంప్యూటరు హార్డ్‌వేర్ అడ్రసును రౌటరు అడిగి తెలుసుకునేలోగా ఆ మొదటిది పోతుంది.

చివరగా 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' మరవకూడదు. రన్నింగ్ కాన్ఫిగ్ నల్లబల్ల మీది రాత, కరెంటు పోతే చెరిగిపోతుంది. స్టార్టప్ కాన్ఫిగ్ రిజిస్టరులోని రాత, మళ్లీ వెలిగించినా ఉంటుంది.

రౌటరు చెప్పే తప్పులు చదవండి

తప్పు వచ్చిందంటే రౌటరు మనకు పాఠం చెబుతోందని అర్థం.

'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్': కింద ^ గుర్తు ఎక్కడుందో అక్కడే తప్పు మొదలైంది.
'ఇన్‌కంప్లీట్ కమాండ్': కొట్టినంతవరకు బాగుంది, ఇంకా ఏదో ఇవ్వాలి. అదే కమాండు చివర ఖాళీ వదిలి ప్రశ్నార్థకం కొడితే తర్వాత రావలసినదేమిటో చెబుతుంది.
'ఆంబిగ్యువస్ కమాండ్': కొట్టిన రెండు మూడు అక్షరాలతో ఒకటికంటే ఎక్కువ కమాండ్లు మొదలవుతున్నాయి, మరో అక్షరం ఇవ్వాలి.

ప్రివిలేజ్డ్ మోడ్‌లో ఏదైనా తప్పుగా కొడితే దాన్ని రౌటరు ఏదో కంప్యూటరు పేరనుకుని వెతుకుతూ ఆగిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే బయటపడవచ్చు. ముందుగానే 'నో ఐపీ డొమైన్-లుకప్' ఇస్తే ఆ బాధే ఉండదు.

పొట్టి రూపాలు మొదటి నెల వాడకండి. ప్రతి కమాండు పూర్తిగా కొట్టండి. తర్వాత ట్యాబ్ కీ, ఆ తర్వాత పొట్టి రూపాలు. పూర్తి రూపం రానివాడికి పొట్టి రూపం ఎక్కడ ఆగాలో తెలియదు.

మిగతా సాధనాలు

జీఎన్ఎస్3 ఉచిత సాఫ్ట్‌వేరే. కానీ సిస్కో పరికరాలను నడిపించడానికి వాటి సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌లు మనమే న్యాయంగా సంపాదించుకోవాలి. కంప్యూటరులో ర్యామ్ కూడా ఎక్కువ కావాలి. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్‌లో ఐదు పరికరాల వరకు నడిపే ఉచిత రూపం ఉంది. దానికీ బలమైన కంప్యూటరు కావాలి. బోసన్ నెట్‌సిమ్‌లో ల్యాబ్‌లు వరుసగా బాగా ఇస్తారు, అయితే కొనాలి. మన పరిస్థితికి ఇవి తప్పనిసరి కావు.

కాలేజీ ల్యాబ్‌లో నిజమైన రౌటరు ఉంటే సారును అడిగి ఒక్కసారైనా కన్సోల్ కేబుల్ పెట్టి చూడండి. పుట్టీ సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ ఎంచుకుని వేగం 9600 పెడితే చాలు, తెర మీద అదే > గుర్తు వస్తుంది. అలాగే నెట్‌వర్కింగ్ అకాడమీ మీ కాలేజీలో ఉందేమో కనుక్కోండి. దాని సీసీఎన్ఏ కోర్సులు మూడూ మంచి మార్కులతో పూర్తిచేసినవారికి ఫీజులో రాయితీ వచ్చే వీలుంది. నిబంధనలు ముందే అడిగి తెలుసుకోండి.

రెండు జాగ్రత్తలు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత సీసీఎన్ఏ పుస్తకాలు చౌకగా దొరుకుతాయి. కొనే ముందు అట్ట మీద 200-301 అని ఉందో లేదో చూడండి. పాత పుస్తకాల్లోని ఫ్రేమ్ రిలే, రిప్, ఈఐజీఆర్పీ కాన్ఫిగరేషన్లు ఇప్పటి సిలబస్‌లో లేవు. రౌటింగ్‌లో స్టాటిక్ రూట్లు, ఒకే ఏరియాలో ఓఎస్పీఎఫ్ బాగా నేర్చుకోవాలి. రెండోది, 'డంప్స్' పేరుతో అమ్మే ప్రశ్నల జోలికి పోవద్దు. అవి నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో కీబోర్డు ముందుకు జరిపి "వ్లాన్ చెయ్" అన్నప్పుడు డంపు సాయం చేయదు.

ఒక కంప్యూటరు, నలుగురు

మనలో అందరికీ ల్యాప్‌టాప్ లేదు. ఒక్క కంప్యూటరుతో నలుగురం ఇలా పని పంచుకున్నాం. ఒకరు కమాండ్లు కొడతారు. ఒకరు పని చదివి చెబుతారు. ఒకరు కాగితం మీద అడ్రసుల లెక్క చూస్తారు. నాలుగో వ్యక్తి తప్పులు పెట్టేవాడు. ల్యాబ్ పూర్తయ్యాక మిగతా ముగ్గురినీ బయటికి పంపి, ఒకే ఒక్క తప్పు పెడతాడు: ఇంటర్ఫేస్ మూసేస్తాడు, మాస్కు మారుస్తాడు, పోర్టును వేరే వ్లాన్‌లో వేస్తాడు, గేట్‌వే తీసేస్తాడు. లోపలికి వచ్చినవారు 'షో' కమాండ్లతోనే పది నిమిషాల్లో పట్టుకోవాలి. ప్రతి అరగంటకూ స్థానాలు మారాలి.

ఈ ఆటలో ఎక్కువ నేర్చుకునేది తప్పు పెట్టినవాడే. ఒక్క మాస్కు మారిస్తే ఎక్కడ ఏం ఆగిపోతుందో ముందుగా ఊహించనిదే తప్పు పెట్టలేడు. కరెంటు లేని రాత్రి ఇదే ఆట కాగితం మీద కూడా ఆడవచ్చు. ఒకరు రౌటరుగా కూర్చోవాలి. మిగతావాళ్లు కమాండు చెబితే, నిజమైన రౌటరు ఏ జవాబు ఇస్తుందో అదే ఇవ్వాలి.

ఫీజు ఎప్పుడు కట్టాలి?

ఈ ఐదూ పుస్తకం చూడకుండా చేయగలిగినప్పుడు:
1. ఏ మాస్కు ఇచ్చినా నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అడ్రసులు నిమిషంలో చెప్పడం.
2. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్, మూడు వ్లాన్లు, వాటి మధ్య రౌటింగ్.
3. మూడు రౌటర్లలో ఓఎస్పీఎఫ్. 255.255.255.192 మాస్కుకు వైల్డ్‌కార్డ్ 0.0.0.63 అని వెంటనే తట్టాలి.
4. ఒక యాక్సెస్ లిస్టు రాసి సరైన ఇంటర్ఫేసు మీద, సరైన దిశలో పెట్టడం.
5. రౌటరులోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయ్యేలా చేయడం.

సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం వస్తుందని మేం చెప్పం. కానీ చేత్తో చేయగలిగినవాడిని ఎదుటివాళ్లు ఒక్క నిమిషంలో గుర్తుపడతారు. అక్కడ ఏ మీడియంలో చదివావు, ఏ హాస్టల్లో ఉన్నావు అనే ప్రశ్న వెనక్కి పోతుంది.

తమ్ముళ్లారా! మా కార్డుల డబ్బాలు, ల్యాబ్ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ స్టడీ హాలు అలమరలో పెట్టి వెళుతున్నాం. వాడుకోండి. మీరు వెళ్లేటప్పుడు మరో పది కార్డులు కలిపి, తర్వాతి బ్యాచ్‌కి అప్పగించండి.